నాగపూర్‌లో పుట్టిన మన సి.కె. నాయుడు

భారత టెస్టు క్రికెట్ జట్టుకు మొదటి కెప్టెన్ ఎవరంటే మన పిల్లలు టక్కున సి.కె. నాయుడు అంటారు. ఆయన మన విదర్భ తెలుగువాడేనంటే మాత్రం ఆశ్చర్యపోతారు. కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో మన సిరొంచ కూడా నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనిదే.

నాగపూర్ హిస్లాప్ విద్యాసంస్థలో చదువుతూ ఆట నేర్చిన నాయుడు, 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద బరిలోకి దిగారు. పదేళ్ల తర్వాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో రెండు గంటలైనా తిరగకుండానే 153 పరుగులు కొట్టారు. అందులో 11 సిక్సర్లు! మనవాళ్లు తెల్లవాళ్లకు సాటి రాగలరని జనానికి నమ్మకం కలిగింది ఆ రోజే.

1932లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టుకు కెప్టెన్ పోరుబందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ రాజకుటుంబీకుడు. ఆ రోజుల్లో రాజవంశీకులు ఉండగా సామాన్యుడికి నాయకత్వం దక్కేది కాదు. అయినా జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన తొలి టెస్టుకు ఆ ఇద్దరూ తప్పుకోగా, పగ్గాలు నాయుడికి అందాయి. ఆయన కింద ఆడటానికి జట్టులోనే కొందరు మొండికేశారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు. మ్యాచ్ ఓడినా మనిషి నిలిచారు. మరుసటి ఏడాది విజ్డెన్ ఆయన్ను ఆ సంవత్సరపు అయిదుగురు మేటి ఆటగాళ్లలో చేర్చింది. ఆ గౌరవం పొందిన తొలి భారత జట్టు ఆటగాడు ఆయనే.

1936లో కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్‌కు వెళ్లింది. ఆయనా తెలుగువాడే, కానీ రాజకుటుంబం వాడు. నాయుడు మామూలు ఆటగాడిగానే వెళ్లి, ఓవల్‌లో తన చివరి టెస్టులో 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే.

ఇండోర్ హోల్కర్ల కొలువులో చేరి కల్నల్ హోదా పొందిన నాయుడు ఆ జట్టును పలుమార్లు రంజీ విజేతగా నిలిపారు. 61 ఏళ్ల వయసులోనూ రంజీ ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. ఆయన పేరిట బోర్డు నేటికీ యువకులకు ట్రోఫీ, దిగ్గజాలకు జీవిత సాఫల్య పురస్కారం ఇస్తోంది.

మీరు ఎక్కడి తెలుగువాళ్లని మనల్ని గోదావరికి ఇటూ అటూ అడుగుతూనే ఉంటారు. నాయుడు పుట్టింది నాగపూర్‌లో, స్థిరపడింది ఇండోర్‌లో, ఆడింది దేశం కోసం. ఆయన తెలుగుతనాన్ని ఎవరూ కాదనలేదు. మన పిల్లలకు ఈ మాట చెబుదాం.