కాపలాదారుడే బందీ అయిన వేళ

సాకేత్‌లోని మా ఫ్లాట్‌లో మొన్న రాత్రి డాడ్స్ ఆర్మీ అనే పాత బ్రిటిష్ హాస్య ధారావాహిక చూశాను. 1973లో ప్రసారమైన ఆ భాగం కథ రెండో ప్రపంచయుద్ధ కాలానిది. ఓ చిన్న ఊరి వలంటీర్ దళానికి, పట్టుబడిన జర్మన్ జలాంతర్గామి సిబ్బందిని కాపలా కాసే పని పడుతుంది. దళనాయకుడు బ్యాంకు మేనేజర్. దళంలో మాంసం కొట్టు నడిపే ముసలాయన ఒకడు. చివరకు కాపలావాళ్లే ఖైదీలకు బందీలవుతారు. గ్రెనేడ్లలో అసలు డిటొనేటర్లు లేవు కాబట్టి అందరూ బతికి బయటపడతారు. మనం నవ్వుకుంటాం.

నవ్వు ఆగాక నాకు గుర్తొచ్చిన మనిషి ఈ కథకు చాలా దూరంవాడు. హైదరాబాద్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. మర్నాడు పొద్దున్నే మెట్రో ఎక్కి లోక్ కల్యాణ్ మార్గ్‌లో దిగి, తీన్‌మూర్తి చౌరస్తాకు వెళ్లాను. అక్కడున్న మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్ల గుర్తుగా 1922లో నిలిపినవి. 2018లో ఆ కూడలి పేరుకు హైఫా కూడా చేరింది. అందులో మన హైదరాబాద్ సైనికుడు ఉన్నాడని తెలియక పక్క నుంచే వెళ్లిపోయే తెలుగువాళ్లు ఎందరో.

1886లో పుట్టిన ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాడు. మూడేళ్లకే ప్రపంచయుద్ధం వచ్చింది. టర్కీ సుల్తాన్ ముస్లింలకు ఖలీఫా. ఆయన జర్మనీ పక్షం చేరడంతో భారత ముస్లింలు ఎటు మొగ్గుతారోనని బ్రిటిష్ వారికి బెంగ పట్టుకుంది. నిజాం బ్రిటన్‌కు అండగా నిలవమని తనవారికి పిలుపునిచ్చాడు. డబ్బిచ్చాడు, గుర్రపుదళాన్ని పంపాడు. ఆయన సొమ్ముతో విమానాలు సమకూరిన బ్రిటిష్ వైమానిక దళం 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. 1918 సెప్టెంబర్ 23న హైఫాపై జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు దూకితే, హైదరాబాద్ లాన్సర్ల వంతుకు వచ్చింది ఖైదీల కాపలా. ఖలీఫా సైనికులతో తలపడే ఇబ్బంది వారికి కలిగించకూడదనే ఆ ఏర్పాటు చేశారని చెబుతారు. కారణం ఏదైనా, శిక్షణ పొందిన దళం ఆజ్ఞకు లోబడి తన పని తాను చేసింది. విచిత్రమేమిటంటే 1931లో అదే టర్కీ చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ నిజాం పెద్ద కోడలైంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి, హైకోర్టు భవనం ఆయన కాలంలోనివే. ఇంత కట్టినవాడు, ఇంత సైన్యం ఉన్నవాడు ఎక్కడ దారి తప్పాడు?

రజాకార్ అంటే వలంటీర్ అని అర్థం. లాతూర్ వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వంలో ఈ వలంటీర్లు సాయుధ దళంగా పెరిగారు. వారికి సైన్యానికుండే క్రమశిక్షణ లేదు, చేసినదానికి జవాబు చెప్పుకోవలసిన అవసరమూ లేదు. నిజాం వారిని అడ్డుకోలేదు. ఢిల్లీతో బేరానికి పనికొస్తారని అనుకున్నాడేమో. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున, యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరాల్సిన ఆయన ప్రతినిధుల ఇళ్లను రజ్వీ పక్షపు గుంపులు చుట్టుముట్టాయి. నిజాం వెనక్కి తగ్గాడు. ప్రధాని ఛతారీ నవాబు తప్పుకున్నాడు. నవంబర్ 29న దాదాపు అదే ఒప్పందంపై సంతకమైంది కానీ, ఆ నెలరోజుల్లోనే రాజ్యంలో ఎవరి మాట చెల్లుతుందో అందరికీ అర్థమైపోయింది. నా లెక్కలో నిజాం ఓడింది 1948లో కాదు, ఆ తెల్లవారుజామునే.

ఆ తర్వాతి గ్రెనేడ్లలో డిటొనేటర్లు ఉన్నాయి. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నడిరోడ్డుపై చంపారు. అదే నెలలో బైరాన్‌పల్లి నెత్తురు మడుగైంది. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు ఆయన సేనాధిపతి ఎడ్రూస్, జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఆ వెంటనే జరిగిన ప్రతీకార హింసలో, రజాకార్లతో సంబంధమే లేని ముస్లింలు వేల సంఖ్యలో బలయ్యారు. సుందర్‌లాల్ కమిటీ అంచనా 27 వేల నుంచి 40 వేలు. వలంటీర్ల తుపాకీకి మూల్యం చెల్లించింది తుపాకీ పట్టనివాళ్లే.

ఒక చిన్న ముఠా తనను నిస్సహాయుణ్ని చేసిందని నిజాం సెప్టెంబర్ 23న రేడియోలో చెప్పుకున్నాడు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఆ ముఠా పెరిగింది ఆయన నీడలోనే అన్నదీ నిజమే. రాజప్రముఖ్‌గా 1956 దాకా ఉండి, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. 1965 యుద్ధ సమయంలో అయిదు టన్నుల బంగారం దానమిచ్చాడన్న కథ ఇప్పటికీ ప్రచారంలో ఉంది. ఆయన ఇచ్చింది 425 కిలోలు. అదీ దానం కాదు, జాతీయ రక్షణ బంగారు పథకంలో వడ్డీకి పెట్టిన పెట్టుబడి. అయినా ఒకప్పుడు భారత సైన్యానికి లొంగినవాడు ఆ దేశ రక్షణ పథకంలో బంగారం పెట్టడం చిన్న విషయమేమీ కాదు.

అదే 1948లో మన దేశం ప్రాదేశిక సైన్య చట్టం తెచ్చింది. ఉద్యోగాలు చేసుకునే మామూలు పౌరులకే అదీ తుపాకీ ఇస్తుంది. కానీ శిక్షణ ఇచ్చి, సైనిక చట్టం కిందకు తెచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకుంటుంది. జమ్మూ కొండల్లో గ్రామ రక్షణ దళాలకు ఆయుధాలిచ్చే ఈ రోజుల్లోనూ నేను అడిగేది ఇదే. తుపాకీ ఇచ్చేటప్పుడు, దాన్ని తిరిగి తీసుకునే అధికారం ఎవరి చేతిలో ఉంచుకున్నాం? ఆ ప్రశ్న వేసుకోని పాలకుడు తన కాపలాదారులకే బందీ అవుతాడు.