పదవి దిగిన రాణి

పదవిలో ఉన్నప్పుడు ఎవరేం చేశారో చెప్పే చరిత్రలకు కొదవ లేదు. పదవి దిగాక ఎలా బతికారో చెప్పేవి నాకు తక్కువగానే తారసపడ్డాయి. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరగానే, 7వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజ్యాన్ని ఏలిన రాణి బాల్తిల్డ్ గుర్తుకు వచ్చింది. కతోలిక క్రైస్తవులు ఆమెను పునీతురాలిగా కొలుస్తారు.

ఆమె ఇంగ్లండుకు చెందిన శాక్సన్ జాతి స్త్రీ. చిన్న వయసులోనే సముద్రం దాటించి కారుచౌకగా అమ్మేశారు. కొన్నవాడు ఎర్కినోల్డ్. ఇప్పటి ఉత్తర ఫ్రాన్సులోని న్యూస్ట్రియా రాజ్యంలో రాజుగారి వ్యవహారాలన్నీ చక్కబెట్టే పెద్ద అధికారి. మన సంస్థానాలలో దివాను వంటివాడనుకోండి. ఆ ఇంట్లో ఆమె పని పానపాత్రలు అందించడం, పెద్దల చెప్పులు విప్పడం, వారి కాళ్లు కడగడం. భార్య చనిపోగా యజమాని ఈమెనే పెళ్లాడతానన్నాడట. ఆ సంగతి తెలిసి ఆమె చింకిపాతలు కప్పుకొని, అతను మరొకరిని చేసుకొనేదాకా మూలన దాక్కుందట. ఇందులో కొంత కల్పన ఉంటే ఉండవచ్చు. పునీతుల చరిత్రలలో ఇలాంటివి మామూలే. రాజు రెండవ క్లోవిస్, సుమారు 648లో ఆమెను పెళ్లాడిన మాట మాత్రం నిజం. వారికి క్లోతార్, చిల్డెరిక్, థ్యూడెరిక్ అని ముగ్గురు కొడుకులు. ముగ్గురూ తర్వాత రాజులయ్యారు.

657లో క్లోవిస్ కన్నుమూశాడు. పెద్దకొడుకు పసివాడు కావడంతో రాజ్యభారం తల్లి మీద పడింది. నా దృష్టిలో ఆమె చరిత్రకెల్లా గొప్ప ఘట్టం ఇక్కడుంది. క్రైస్తవ బందీలను పరదేశాలకు అమ్మరాదని ఆమె ఆజ్ఞ జారీ చేసింది. ఆజ్ఞతో సరిపెట్టుకోలేదు. సొంత డబ్బిచ్చి ఎందరినో విడిపించింది, ముఖ్యంగా తన జాతివారిని. బానిసత్వం అంతటితో పోలేదు. అయినా సంతలో తన ధర తాను విన్న మనిషి, అధికారం చేతికి రాగానే ఆ సంత మీదే చెయ్యి వేసింది. పైకి వచ్చాక పాత రోజులను మరిచిపోయేవారిని మనం చూడనిదా?

ఇంకొక సంగతి చెబితే నమ్మబుద్ధి కాదు. అప్పట్లో పన్నుల బాధ ఎంతగా ఉండేదంటే, దానికి జడిసి బిడ్డలను పెంచడం కంటే చావనివ్వడమే మేలనుకొనే తల్లిదండ్రులు ఉండేవారు. ఆ పద్ధతిని ఆమె మాన్పించింది. డబ్బు తీసుకొని బిషప్ పదవులు కట్టబెట్టే అలవాటును కూడా నిషేధించింది. కోర్బీలో సన్యాసులకు, పారిస్ దగ్గరి షెల్‌లో సన్యాసినులకు మఠాలు నిలబెట్టింది.

అందరూ ఆమెను మెచ్చుకోలేదు. ఇంగ్లండులో వెలువడిన బిషప్ విల్‌ఫ్రిడ్ జీవితచరిత్రలో ఆమె బిషప్పులను చంపించిన దుష్టురాలు. బైబిల్లోని యెజెబెలుతో పోల్చారు. లియోన్ బిషప్ ఆమె ఏలుబడిలోనే హతుడైన మాట వాస్తవం. ఆ కాలపు రాజకీయాలలో నలిగిన ఏ పాలకురాలికైనా మచ్చ అంటకుండా ఉంటుందని నేననుకోను.

సుమారు 665లో ఆమె పదవి ముగిసింది. మఠంలో చేరాలన్న కోరిక ఆమెకు ఎప్పటినుంచో ఉంది, ప్రభువులే సాగనివ్వలేదు. తీరా, ఆమెను అడగకుండా వారు పారిస్ బిషప్ సిగోబ్రాండ్‌ను చంపేశారు. రాణి పగ తీర్చుకుంటుందని భయపడి, అప్పుడు ఉన్నపళంగా షెల్‌కు పంపేశారు. వెళ్లింది ఇష్టపడే అయినా, సాగనంపింది భయంతో. తాను చేరదీసి పైకి తెచ్చినవారే తనను అనుమానించారని ఆమె చాలా బాధపడింది. చివరికి మతగురువుల మధ్యవర్తిత్వంతో వారిని క్షమించి, తననూ క్షమించమని అడిగింది.

షెల్ మఠానికి బెర్తిల్లాను పెద్దగా తెచ్చి నియమించింది బాల్తిల్డే. ఇప్పుడు ఆ బెర్తిల్లాకే లోబడి ఉండాలి. కలం పోటుతో పనులు జరిపించినవారికి, తాము వేసిన అధికారి దగ్గరే చేతులు కట్టుకొని నిలబడడం ఎలా ఉంటుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె వంటింట్లో తోటివారికి వడ్డించింది. మరుగుదొడ్లు కూడా తానే శుభ్రం చేసేది. రోగులను చూసుకొనేది. ఎర్కినోల్డ్ ఇంటి చాకిరీ ఒకరు కొని చేయించుకున్నది, ఇది తాను కోరి చేసినది. పనుల్లో మాత్రం పెద్ద తేడా కనబడదు. సుమారు 15 ఏళ్లు అలా గడిపి, 680 ప్రాంతంలో కన్నుమూసింది. జనవరి 30 ఆమె పండుగ.

షెల్ పట్టణంలోని మ్యూజియంలో ఆమెదిగా భద్రపరచిన నారబట్ట అంగీ ఒకటి ఉంది. దాని మెడ చుట్టూ హారాలు, పతకాలు, శిలువ, అన్నీ రంగురంగుల పట్టుదారంతో కుట్టినవే. బంగారం రవ్వంత కూడా లేదు.