జువావ్ సిద్ దోస్ సాంటోస్

జువావ్ సిద్ దోస్ సాంటోస్ (1907 - 1975) పోర్చుగల్ దేశానికి చెందిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు. పూడుకుపోయిన కాలి ధమనిని తెరచి, కాలువలో పూడిక తీసినట్లు లోపలి అడ్డును తొలగించే ఎండార్టరెక్టమీ అనే శస్త్రచికిత్సకు ఇతడే ఆద్యుడు.

జీవితం

ఇతడు లిస్బన్ నగరంలో జన్మించాడు. తండ్రి రేనాల్డో దోస్ సాంటోస్ కూడా పేరుపొందిన శస్త్రవైద్యుడే. నడుము వెనుకనుండి సూదితో బృహద్ధమనిలోనికి మందు ఎక్కించి, రక్తనాళాలను ఎక్స్-రేలో చూసే పద్ధతిని ఆయన 1929లో ప్రవేశపెట్టాడు. అందువలన కాలి ధమనిలో అడ్డు ఎక్కడ ఉన్నదో కోయకముందే తెలుసుకోవడం సాధ్యమైంది. కుమారుడు 1938లో సిరలను ఎక్స్-రేలో చూపే పద్ధతిని రూపొందించాడు.

నాటి పరిస్థితి

కాలి ధమని పూడితే కొద్దిదూరం నడిచేసరికి పిక్క పట్టివేస్తుంది, ఆగితే తగ్గుతుంది. వ్యాధి ముదిరితే పాదం కుళ్ళుతుంది. ఫ్రెంచి వైద్యుడు రెనె లెరిష్ నాళాలను ముడుచుకునేలా చేసే నరాలను కత్తిరించి కొంత ఉపశమనం కలిగించేవాడు. అదీ చాలనివారికి కాలు తీసివేయడమే గతి. ధమని లోపలి పొర దెబ్బతింటే అక్కడ రక్తం గడ్డకట్టి తీరుతుందని అప్పటి వైద్యుల గట్టి నమ్మకం. కనుక ధమనిని తెరచి శుభ్రం చేయడానికి వైద్యులు సాధారణంగా సాహసించేవారు కాదు.

తొలి శస్త్రచికిత్స

1946 ఆగష్టు 27న సిద్ దోస్ సాంటోస్ 66 ఏళ్ల రోగి తొడ ధమనిని తెరచి అడ్డును తొలగించాడు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడాడు. రోగి కొద్ది రోజులకే మూత్రపిండాల వ్యాధితో మరణించాడు, కాని ధమని తెరచుకునే ఉన్నదని ఎక్స్-రేలో కనిపించింది. తరువాత ఒక యువతికి భుజం వైపు వెళ్ళే ధమనిలో ఇదే చికిత్స చేయగా చక్కగా ఫలించింది.

తాను తీసినది పాత రక్తపు గడ్డ మాత్రమేనని ఇతడు భావించాడు. సూక్ష్మదర్శినిలో పరీక్షించగా ధమని లోపలి పొర, మధ్యపొరలో కొంత భాగం కూడా ఊడివచ్చినట్లు తేలింది. ముట్టరాదనుకున్న పొర పోయినా రక్తం ప్రవహించింది! ముందే తెలిసి ఉంటే ఈ ప్రయత్నానికి పూనుకునేవాడా అన్నది సందేహమే. 1947లో ఈ ఫలితాలు పారిస్ వైద్యుల ముందుకు వచ్చాయి.

అనంతర పరిణామాలు

1948లో లెరిష్ సహచరుడు జాన్ కున్లిన్ రోగి సిరనే అతికి, అడ్డును దాటి రక్తం పారే మార్గం ఏర్పరచాడు. 1953లో మైకేల్ డిబేకీ మెడ ధమనిలో ఎండార్టరెక్టమీ చేశాడు. 1964లో చార్లెస్ డాటర్ కత్తి లేకుండా గొట్టాలతోనే కాలి ధమనిని వెడల్పు చేశాడు. పొడవైన అడ్డులకు ఇప్పుడు ఎక్కువగా ఈ తరువాతి పద్ధతులనే ఆశ్రయిస్తారు. గజ్జవద్ద తొడ ధమని మూసుకుపోయినప్పుడు మాత్రం ఎండార్టరెక్టమీనే నేటికీ ప్రధాన చికిత్సగా చేస్తున్నారు.