125 పౌండ్ల పాత కారుతో ప్రపంచ రికార్డు.. 42 ఏళ్లు ఇసుకలో సమాధి.. చివరికి ఏమైందంటే?

యజమాని పోయి మూలనపడ్డ ఓ పాత కారు. ఓ ఇంజనీర్ దాన్ని కొని, బాగు చేసి, దానితోనే ప్రపంచ రికార్డు కొట్టాడు. ఏడాది తిరక్కముందే అదే కారులో ప్రాణాలు వదిలాడు. ఆ కారును కూడా ఇసుకలో పాతిపెట్టేశారు. కథ అక్కడితో అయిపోలేదు!

ఆ ఇంజనీర్ పేరు జె.జి. పారీ థామస్. 1884 ఏప్రిల్ 6న వేల్స్‌లోని రెక్సామ్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో మతాధికారి. కొడుక్కి మాత్రం మెషిన్లంటే పిచ్చి. లండన్‌లో ఇంజనీరింగ్ చదివి, లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజనీర్ అయ్యాడు. మన రోడ్ల మీద తిరిగే అశోక్ లేలాండ్ లారీల పేరులో ఉన్న లేలాండ్ ఇదే. అక్కడ లేలాండ్ ఎయిట్ అనే ఖరీదైన కారు డిజైన్ చేశాడు. కారు గొప్పదే, కానీ కొన్నవాళ్లు కొద్దిమందే. దాంతో థామస్ ఉద్యోగం వదిలేసి రేసింగ్‌లోకి దిగాడు. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ దగ్గరే ఇల్లు, వర్క్‌షాప్ పెట్టుకున్నాడు.

1924లో లూయీ జ్బోరోవ్‌స్కీ అనే రేసర్ ఇటలీలోని మోంజా రేసులో చనిపోయాడు. ఆయన తయారు చేయించిన ఓ పెద్ద కారు మిగిలిపోయింది. అది కూడా పాత సామాన్ల కూర్పే. ఇంజన్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాలది. 12 సిలిండర్లు, 27 లీటర్లు, దాదాపు 450 హార్స్‌పవర్. గేర్‌బాక్స్ యుద్ధానికి ముందు నాటి బెంజ్ రేసు కారుది. ఇంజన్ శక్తి వెనక చక్రాలకు చేరేది చైన్లతోనే.

థామస్ దాన్ని 125 పౌండ్లకు కొన్నాడు. రికార్డుల కోసం కొత్త కార్లు తయారు చేయించుకునే స్తోమత ఉన్నవాళ్లకు ఇది పాత ఇనుము. ఆయన మాత్రం విప్పదీసి, పిస్టన్లు తనే డిజైన్ చేసి వేశాడు. కార్బ్యురేటర్లు మార్చాడు. బాడీకి కొత్త రూపం ఇచ్చాడు. దానికి బాబ్స్ అని ముద్దుపేరు పెట్టాడు.

1926 ఏప్రిల్ 28. వేల్స్‌లోని పెండైన్ బీచ్. తడి ఇసుక మీద బాబ్స్ గంటకు 171 మైళ్ల వేగంతో, అంటే 275 కిలోమీటర్లతో దూసుకెళ్లింది. నేల మీద ప్రపంచంలో అదే అత్యధిక వేగం!

కానీ ఆ ఆనందం ఎంతో కాలం నిలవలేదు. 1927 ఫిబ్రవరిలో మాల్కం క్యాంప్‌బెల్ అదే బీచ్‌లో 174 మైళ్లు దాటేశాడు. పోయిన రికార్డు కోసం థామస్ మళ్లీ పెండైన్ వచ్చాడు. మార్చి 3న మంచి వేగంలో ఉండగా కారు అదుపు తప్పి పల్టీ కొట్టింది. థామస్ అక్కడికక్కడే చనిపోయాడు. వయసు 42 ఏళ్లు. నేల మీద వేగం రికార్డు కోసం ప్రయత్నిస్తూ ప్రాణాలు కోల్పోయిన మొదటి డ్రైవర్ ఆయనే.

ఆయన్ను బ్రూక్‌లాండ్స్ పక్కనే ఉన్న బైఫ్లీట్‌లో ఖననం చేశారు. బాబ్స్‌ను మాత్రం పెండైన్ ఇసుక దిబ్బల్లోనే గొయ్యి తీసి పూడ్చేశారు. తప్పు పాత చైన్‌దే అన్న మాట జనంలో ఉండిపోయింది.

42 ఏళ్లు గడిచాయి. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగ్ లెక్చరర్ ఆ కారును తవ్వి తీయించాడు. ఓ మనిషి ప్రాణం పోయిన కారును కదపొద్దని అభ్యంతరాలు వచ్చినా ఆయన వెనక్కి తగ్గలేదు. బాడీ తుప్పుతో తినేసింది. పనికొచ్చిన ప్రతి ముక్కా దాచుకున్నాడు, లేనివి మళ్లీ చేయించాడు. ఏళ్ల తరబడి శ్రమించాక ఇంజన్ మళ్లీ గర్జించింది.

ఇంకో సంగతి. బయటపడ్డ కారును పరిశీలించాక, ముందు చైన్ తెగలేదని, వెనక చక్రం విరగడమే ప్రమాదానికి కారణం కావచ్చని అభిప్రాయం వచ్చింది. అంటే ఇన్నేళ్లూ నింద మోసిన చైన్ తప్పు లేకపోవచ్చు. ఆ నిజానికి దారి చూపింది కూడా పాతిపెట్టిన ఆ తుక్కు కారే. థామస్ మూలనపడ్డ కారుకు ప్రాణం పోశాడు. ఆయన పోయాక, అదే కారుకు మరొకరు రెండోసారి ప్రాణం పోశారు.