సర్ ఆర్థర్ కాటన్

క్రొత్త నేలలందు జనులు స్థిరపడుటకు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క సాధనము తోడ్పడినది. అమెరికా పశ్చిమ మైదానములందు కఱ్ఱయు రాయియు కొఱతగుటచే పొలములకు కంచె వేయుట దుర్లభముగా నుండెను. 1874లో జోసెఫ్ గ్లిడెన్ అను రైతు ముళ్లతీగకు పేటెంటు పొందిన పిమ్మట, పశువులు తిరిగిన ఆ బయళ్లు అనేకములు పంటపొలములయ్యెను. కృష్ణా డెల్టాకు కావలసినది కంచె కాదు, నీరు. ఆ నీటిని పొలములకు మళ్లించుటకు పాటుపడిన వారిలో ముఖ్యుడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. 1821లో సైనిక ఇంజనీరుగా చెన్నపట్టణము చేరెను. కావేరిపై చోళరాజుల నాటి కల్లణను అతడు శ్రద్ధతో పరిశీలించెను. పునాదికి రాతినేల దొరకని ఇసుక నదిలో సైతము బండరాళ్లు పేర్చి ఆనకట్టను నిలుపవచ్చునని పూర్వుల పనివలన గ్రహించెను. 1836లో కొల్లడము నదిపై ఆనకట్టలు కట్టించి ఆ విద్యను సార్థకము చేసెను.

ఇంతకు మునుపే, 1832–33లో, నందన నామ సంవత్సరపు కరవు తెలుగు సీమను పీడించెను. గుంటూరు మండలమున దాదాపు మూడవవంతు జనులు మరణించిరని అంచనా. కృష్ణ మాత్రము ఆ మండలము ప్రక్కనే పాఱి సముద్రమున కలియుచుండెను. వరదకాలమున పైరులను ముంచుట, వరద తీసినపిదప పొలములకంటె పల్లమున పాఱుట ఆ నదికి పరిపాటి. నీరున్నను రైతునకు అందకుండెను.

1844లో కాటన్ గోదావరికి ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టవలెనని సూచించెను. ప్రభుత్వము వ్యయమునకు వెనుదీయునని యెఱిగి, రాబడి పెరుగు తీరును లెక్కలతో చూపెను. 1847లో ఆరంభమైన పని 1852లో ముగిసెను. నడుమ అతడు అనారోగ్యముచే సెలవుపై పోయి, కోలుకొని తిరిగి వచ్చెను.

ఆ విజయము కృష్ణకు దారి చూపెను. బెజవాడ వద్ద ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ నది ఇరుకగును. రాతికి ఆ కొండలే ఆధారము. కాప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. ఏలూరు, బందరు, కొమ్మమూరు కాలువలు పొలములకు నీటిని, పడవలకు మార్గమును ఇచ్చెను. మెట్టపైరులు వేసిన నేలలు వరిమడులయ్యెను.

1876–78లో దక్షిణదేశమున మహాక్షామము ప్రబలినపుడు, డెల్టా ప్రజలు తాము తినుటయే గాక ఇతరులకు ధాన్యము పంపగలిగిరి. 1878లో వృద్ధుడైన కాటన్ బ్రిటిష్ పార్లమెంటు సంఘము ముందు నిలిచి, రైలుమార్గములకంటె కాలువలే దేశమునకు హితమని వాదించెను. 1899 జూలై 24న తన తొంబదియాఱవ యేట మరణించెను.

బెజవాడ ఆనకట్ట 1952లో గండిపడగా, దానికి ఎగువన ప్రకాశం బారేజి నిర్మింపబడి 1957లో పూర్తియయ్యెను. నిర్మాణము మాఱినను, నదీజలమును రైతు పొలమునకు చేర్చవలెనను సంకల్పము నాటిదే. పరదేశమున పుట్టియు ఇచ్చటి ఆకలిని తన కార్యముగా భావించినందున, తెలుగు రైతులు కాటన్ దొరను నేటికిని కృతజ్ఞతతో స్మరింతురు.