‘మో’: ఆస్ట్రేలియాను నవ్వించిన వలస కుటుంబపు బిడ్డ

ఆస్ట్రేలియా హాస్య కళాకారులంటే మనవాళ్ళకు టీవీలో కనిపించేవాళ్ళే గుర్తుకొస్తారు. కానీ 1956లో ఇక్కడికి టీవీ రాకముందే, దాదాపు నాలుగు దశాబ్దాల పాటు జనాన్ని కడుపుబ్బ నవ్వించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయనే రాయ్ రెనే. జనం ముద్దుగా పిలుచుకున్న పేరు ‘మో’. రేలంగి పేరు వినగానే మన పెద్దవాళ్ళ ముఖాలు ఎలా వెలుగుతాయో, మో పేరు వింటే ఆనాటి సిడ్నీ వాసుల ముఖాలు అలా వెలిగేవి.

ఆయన 1891 ఫిబ్రవరి 15న అడిలైడ్‌లో పుట్టాడు. అసలు పేరు హ్యారీ వాన్ డెర్ స్లూస్. తండ్రి హాలండు నుంచి వచ్చిన యూదుడు, చుట్టల తయారీదారు. హ్యారీకి పదేళ్ళప్పుడు, అంటే 1901లో, శ్వేతజాతీయులు కానివారిని దేశంలోకి రానివ్వకుండా వలస చట్టం వచ్చింది. యూదు కుటుంబాలకు ఆ చట్టం అడ్డు కాకపోయినా, నోరు తిరగని పేరున్నవాడు పరాయివాడుగానే కనబడే కాలమది. చిన్నతనంలోనే రంగస్థలమెక్కిన హ్యారీ మొదట ‘బాయ్ రాయ్’ అయ్యాడు, తర్వాత రాయ్ రెనే అయ్యాడు. ఆఫీసులో నా పేరు కూడా రెండక్షరాలకు కుదించుకుపోయింది కాబట్టి, ఆయన కథలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఈ సంగతే.

అయితే పేరు మార్చుకున్న ఆ మనిషే వేషంలో మాత్రం తన పుట్టుకను దాచుకోలేదు. తెల్లరంగు పూసిన ముఖం, దాని మీద నల్లగా గీసిన గడ్డం. యూదులను ఎగతాళి చేయడానికి అప్పటి రంగస్థలం మీద వాడుకలో ఉన్న వేషం అది. ఈనాటి కళ్ళతో చూస్తే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. కానీ ఆ గడ్డం వెనక ఆయన నిలబెట్టింది అచ్చమైన ఆస్ట్రేలియా సామాన్యుణ్ణి. పనంటే బద్ధకం, పెద్దమనుషులంటే లెక్కలేనితనం, జేబులో చిల్లిగవ్వ లేకపోయినా నోటికి మాత్రం అడ్డులేదు. పరాయివాణ్ణి చూసి నవ్వుదామని వచ్చిన జనం, చివరికి తమను తామే చూసుకుని నవ్వారు.

1916లో సిడ్నీలో నాట్ ఫిలిప్స్‌తో జతకట్టి ‘స్టిఫీ అండ్ మో’గా పేరు తెచ్చుకున్నాడు. మధ్యలో విడిపోయి మళ్ళీ కలిసిన ఈ జంట 1928 వరకు దేశమంతా తిరిగింది. పాట, ఆట, గారడీ, హాస్యం అన్నీ ఒకే టికెట్టు మీద చూపించే ప్రదర్శనలవి. మో హాస్యంలో ద్వంద్వార్థాలు దండిగా ఉండేవి. అసలు బలం మాత్రం మాటల మధ్య విరామంలోనూ, ప్రేక్షకుల వైపు విసిరే ఆ ఓరచూపులోనూ ఉండేది.

అందుకే సినిమా ఆయనకు అచ్చిరాలేదు. 1934లో కెన్ హాల్ దర్శకత్వంలో ‘స్ట్రైక్ మీ లక్కీ’లో నటించాడు. ఎదురుగా కెమెరా తప్ప నవ్వే మనుషులు లేరు. నవ్వు వినబడితేనే తర్వాతి మాట ఎప్పుడు వేయాలో తెలిసే కళాకారుడాయన. సినిమా నిరాశపరిచింది. టాకీలు, ఆర్థిక మాంద్యం కలిసి నాటకశాలలను దెబ్బతీసిన రోజుల్లో కూడా ఆయన టివోలీ వంటి వేదికలను వదల్లేదు.

యాభై ఆరేళ్ళ వయసులో, 1947లో, రేడియో ఆయనకు రెండో జీవితమిచ్చింది. ‘మెకాకీ మాన్షన్’ అనే హాస్య నాటికను స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి చేశారు. సినిమాలో దొరకని నవ్వు ఇక్కడ దొరికింది. రంగస్థలం మీద మోను ఎన్నడూ చూడని ఇళ్ళలోకి కూడా ఆయన గొంతు వెళ్ళింది.

1954 నవంబరు 22న సిడ్నీలో కన్నుమూశాడు. 1970లలో మొదలైన ఇక్కడి రంగస్థల వినోద పురస్కారాలకు ‘మో’ అవార్డులని ఆయన పేరే పెట్టారు. 1989లో తపాలా బిళ్ళ మీద కూడా ఆయన బొమ్మ వేశారు.

ఇప్పుడు మన పిల్లలు కూడా వేదికలెక్కి అమ్మానాన్నల ఇంగ్లీషు యాస మీద జోకులు వేస్తున్నారు. వింటూ మనమూ నవ్వుతాం, లోపల కాస్త చివుక్కుమంటుంది కూడా. అలాంటప్పుడు నాకు మో గుర్తుకొస్తాడు. మన యాసను చూసి నవ్వి ఇంటికి వెళ్ళిపోయే ప్రేక్షకుడు వేరు, ఆ యాసలో తన ఇంటినే చూసుకుని నవ్వే ప్రేక్షకుడు వేరు. మొదటివాణ్ణి రెండోవాడిగా మార్చడానికి మోకు ఒక జీవితకాలం పట్టింది. ఈసారి అడిలైడ్ వెళితే హిండ్లీ వీధిలో ఉన్న ఆయన విగ్రహాన్ని పిల్లలకు చూపించి, ఈ కథ చెప్పండి.