విజ్ఞాన చంద్రికను వెలిగించిన కొమర్రాజు

జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. అయినా తన భాషలో చెప్పుకోలేని జ్ఞానం ఏ జాతికైనా ఎరువు సొమ్ముగానే మిగిలిపోతుంది. నేడు లోకమంతటా కృత్రిమ మేధను గురించిన చర్చ సాగుతున్నది. ఏదో ఒక కొత్త పరిశోధనను గూర్చిన వార్త నిత్యమూ వినవస్తున్నది. ఆ వార్తను ఇంటిలోని పెద్దలకు తెలుగులోనో ఉర్దూలోనో విడమరచి చెప్పగలవారు మన తరగతి గదులలో ఎందరున్నారు? ఈ ప్రశ్న ఎదురైనప్పుడు, ఇదే కొరతను నూరేళ్లకు పూర్వమే గుర్తించి, దానిని తీర్చడానికి జీవితాన్ని ధారపోసిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు మాకు స్మరణకు వస్తున్నారు.

లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. వారి తొలి చదువు భువనగిరిలో సాగింది. మన ఘట్‌కేసర్ మీదుగా సాగే రైలు దారిలోనిదే ఆ పట్టణం. అనంతరం అక్కగారైన భండారు అచ్చమాంబ చెంత ఉండి నాగపూరులో విద్యనభ్యసించారు. బడి ముఖమెరుగని అచ్చమాంబ తమ్ముని చదువుతోపాటు తానూ చదువు నేర్చి, తెలుగులో తొలితరం కథా రచయిత్రిగా కీర్తి గడించారు. చదువుకున్నవాడు పక్కనున్నవారికి చదువు పంచాలన్న పాఠం లక్ష్మణరావు గారికి ఆ ఇంటిలోనే అబ్బిందని మా విశ్వాసం. మరాఠీ పత్రికలకు వ్యాసాలు వ్రాయగల పాండిత్యం సంపాదించిన వారు, పరభాషలో లభించే ఆ కీర్తితో తృప్తి చెందక తెలుగు సేవకు మరలి వచ్చారు.

మునగాల సంస్థానాధిపతి నాయని వెంకట రంగారావు గారి వద్ద వారు దివానుగా పనిచేశారు. నిజాం రాజ్యంలో నాడు తెలుగుకు ఆదరణ కరవు. అట్టి సమయంలో రావిచెట్టు రంగారావు గారి వంటి మిత్రులతో కలసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. ఉప్పల్ దారిన కోఠీకి పోయే మన విద్యార్థులు సుల్తాన్ బజారులో ఆ గ్రంథాలయాన్ని నేటికీ దర్శించవచ్చు. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసింది. తరువాత అది మద్రాసుకు తరలింది. చరిత్రలతోపాటు పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం వంటి విషయాలపై ఆ మండలి తెలుగు గ్రంథాలను ప్రకటించింది. ఆ శాస్త్రాలకు తెలుగులో పదాలే లేని రోజులవి. వ్రాసేవారు శాస్త్రాన్నీ చెప్పవలసి వచ్చింది, శాస్త్రాన్ని చెప్పే మాటనూ సృష్టించవలసి వచ్చింది.

ఇంతటితో వారు విశ్రమించలేదు. సకల శాస్త్రాల సారాన్ని అకారాది క్రమంలో అందించే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొన్నారు. పాశ్చాత్య దేశాలలో పెక్కుమంది పండితులు, ధనికులైన ప్రకాశకులు కలసి మోసే భారాన్ని కొద్దిమంది సహాయకులతో తలకెత్తుకొన్నారు. మూడు సంపుటాలు వెలువడేసరికి గ్రంథం ఇంకా అకారంలోనే ఉంది. 1923 జూలైలో, నలుబదియారేళ్ల వయస్సులో, వారు మద్రాసులో కన్నుమూశారు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు తరువాతి దశాబ్దంలో ఆ కృషిని మరల చేపట్టినా, లక్ష్మణరావు గారు తలపోసిన రూపంలో అది పూర్తి కాలేదు.

అసంపూర్ణమైన పనిని స్మరించడం వలన ప్రయోజనమేమని కొందరు అడుగవచ్చు. కృత్రిమ మేధ అనే భావనకు 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సదస్సు శాస్త్రరంగంలో స్థానం కల్పించింది. నేడు మనతో సంభాషించే యంత్రాలు మానవులు వ్రాసిన అపారమైన రాతలను చూచి భాషను అభ్యసిస్తున్నవి. ఏ భాషలో రాత విస్తారంగా ఉన్నదో ఆ భాషలో వాటి పలుకు నిండుగా ఉంటుంది. రాత కొరవడిన భాషలో అవి తడబడతాయి. మనం వ్రాయని దానిని యంత్రం మాత్రం ఎక్కడనుండి నేర్వగలదు? లక్ష్మణరావు గారు అకారం దగ్గర విడిచిన పనికి ఈ కాలంలో ఇంత విలువ ఏర్పడింది.

ఉర్దూ సోదరులకు ఈ మాట కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైనప్పుడు, దారుత్తర్జుమా అనే అనువాద శాఖ శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. ఒకే నగరంలో రెండు భాషలూ ఒకే ఆకాంక్షతో శ్రమించిన చరిత్ర మనది. ఆ రెండు భాషలూ ఈ కళాశాలలో నేడు ఒకే కప్పు క్రింద వినిపిస్తున్నవి.

విద్యార్థి సోదర సోదరీమణులారా! పరీక్ష కొరకు ఆంగ్లంలో చదివిన ఒక్క శాస్త్ర విషయాన్నైనా మీ భాషలో, మీ తల్లికి అర్థమయ్యే రీతిలో ఒక పుట వ్రాయండి. మాట దొరకక కలం ఆగితే నిరుత్సాహపడవద్దు. కొమర్రాజు వారి కాలపు రచయితల కలమూ అక్కడే ఆగింది; వారు మాటను కల్పించుకొని ముందుకు సాగారు. అకారం తరువాతి అక్షరాలు మన కొరకు నిరీక్షిస్తున్నవి.